మూడోసారి ఎవరూ అడగలేదు

బ్రిట్టా పెళ్ళి ఈ శనివారమే. మెక్సికోలో, సముద్రం ఒడ్డున, ఇసుకలో, చెప్పుల్లేకుండా. పోయినవారం మనం పెళ్ళికూతురి తల్లి లవాన్‌ని చర్చి కింది హాలు మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. కింద స్ప్రూస్ ఫాల్స్ ఊరి నుంచి పెళ్ళికి వెళ్ళే జనమంతా పాస్‌పోర్టులు చేత పట్టుకుని ఆవిడ కోసం కూర్చున్నారు. వాళ్ళలో మిన్నెసోటా రాష్ట్రం దాటినవాళ్ళే తక్కువ. విమానం ఎక్కినవాళ్ళు ఇంకా తక్కువ. న్యూజెర్సీ వియ్యపురాలు రోసలీ హోటలు దగ్గర్నుంచి పూలదాకా ఒంటిచేత్తో చక్కబెట్టేస్తుంటే, ఈ వైపు వాళ్ళకి జాగ్రత్తలు చెప్పి విమానం ఎక్కించే పని లవాన్ నెత్తిన పడింది. బుధవారం ప్రయాణం, ఇవాళ ఆదివారం.

ఇంత ఊరూ కదిలి వెళ్తుంటే, పెళ్ళికి రానిది ఒక్క మనిషే. లవాన్ తల్లి, పెళ్ళికూతుర్ని ఒళ్ళో పెట్టుకు పెంచిన అమ్మమ్మ, అర్లిస్. డెబ్భై తొమ్మిదేళ్ళావిడ "నాకెందుకులే" అంది, అందరూ "సరే" అన్నారు. అక్కడితో ఆ మాట అయిపోయిందని అందరూ అనుకున్నారు. అంతకన్నా పొరపాటు ఇంకోటి లేదు.

లవాన్ మెట్లు దిగి, కాఫీ కెటిల్ పక్కన నిలబడి గొంతు సవరించుకుంది. ఏళ్ళ తరబడి స్కూలు బస్సుల ఆఫీసులో పని చేసి, పిల్లల్ని లెక్కపెట్టి ఎక్కించి లెక్కపెట్టి దింపిన మనిషి. పెద్దవాళ్ళు పిల్లలకన్నా కష్టమని ఆవిడకి ఇవాళే తెలిసింది.

"వినండి. మందులు చేతిసంచీలో పెట్టుకోండి, పెద్ద పెట్టెలో వద్దు. ఆ పెట్టె ఏ దేశం పోతుందో దేవుడికే తెలియాలి. సీసాలు వాటి చీటీలతోనే ఉండాలి. అన్ని మాత్రలూ ఒకే డబ్బాలో కలిపి పోసుకొచ్చారంటే, అక్కడ ఏది ఏమిటో మీరే చెప్పుకోవాలి. పెళ్ళిలో వేసుకునే బట్టలు కూడా చేతిలోనే."

"కోటు సంగతేంటి?" అన్నాడు వెనక బల్ల దగ్గర్నుంచి గోర్డీ. పొలం ట్రాక్టర్లు బాగుచేస్తాడు, పెళ్ళికూతురికి పినతాత.

హాలంతా ఒక్కసారి చెవులు రిక్కించింది. అందరి మనసులోనూ ఉన్న ప్రశ్న అదే.

"కోటు కార్లో పడేసి విమానాశ్రయంలోకి పరుగెత్తడమే గోర్డీ. అక్కడ వారం రోజులు దాన్ని చంకలో పెట్టుకు తిరుగుతావా?"

"ఈ చలిలో కోటు లేకుండానా? పెళ్ళికి కాదు, నేరుగా నా కర్మకాండకే వెళ్తాను."

"నువ్వు పోతే మాకు ఇంకో ప్రయాణం," అంది పక్కనున్న ఫర్న్, వాళ్ళావిడ. "నోర్మూసుకుని పరుగెత్తు."

నవ్వులు సద్దుమణిగాక లవాన్ మళ్ళీ అందుకుంది. నీళ్ళు మూత తియ్యని సీసాలోవే తాగాలి. బేరాలకీ బక్షీసులకీ చిన్న నోట్లు దగ్గరుంచుకోవాలి. నవంబరు నుంచి ఎండ మొహం చూడని ఒళ్ళు కాబట్టి, మొదటిరోజే ఇసుకలో వెల్లకిలా పడుకుంటే పెళ్ళి ఫోటోల్లో అంతా టమాటాల్లా పడతారు. పాస్‌పోర్టు మొదటి పేజీ నకలు ఒకటి వేరే సంచీలో పెట్టుకోవాలి.

గోర్డీ మళ్ళీ చెయ్యెత్తాడు. "పెళ్ళికొడుకు వాళ్ళకి నేను చేసిన లేడిమాంసం సాసేజీ పట్టుకెళ్దామని ఉంది. నాలుగు కట్టలు."

"సరిహద్దు దగ్గర అధికారులతో తగువెందుకు గోర్డీ? అక్కడే పారేస్తారు."

"రుచి చూస్తే పారెయ్యరు."

"గోర్డీ!"

"సరే సరే. ఒక్క కట్ట."

లవాన్ పళ్ళు బిగించి ముందుకు నడిచింది. "ముఖ్యమైన సంగతి. పాస్‌పోర్టు తెరిచి చూడండి. ఫోటో కిందో పైనో సంతకం చోటుంటుంది. కొత్తగా తీసుకున్నవాళ్ళు సంతకం పెట్టకుండానే సొరుగులో పెట్టేస్తారు. సంతకం లేకపోతే కౌంటరు దగ్గర చిక్కొస్తుంది."

పేజీలు తిప్పుతున్న చప్పుడు. వాళ్ళ మధ్యనుంచి కాఫీ పోస్తూ వస్తున్న అర్లిస్, కూతురి పక్కకొచ్చి మెల్లిగా అడిగింది.

"ఆ సంతకం మామూలు పెన్నుతో పెట్టొచ్చా?"

"పెట్టొచ్చమ్మా. ఎవరికి?"

"ఎవరికైతే ఏం. ఊరికే అడిగా." అని కెటిల్ పుచ్చుకుని ఇంకో బల్ల వైపు వెళ్ళిపోయింది. లవాన్ దాన్ని పట్టించుకోలేదు. అవతల గోర్డీ తన పాస్‌పోర్టుని తలకిందులుగా పట్టుకుని చదువుతున్నాడు మరి.

అందరూ లేచేసరికి పళ్ళెంలో గుమ్మడి కేకు ముక్క ఒక్కటి మిగిలింది. ఎవరో దాన్ని సగం కోసి తీసుకున్నారు. ఆ సగంలో సగం ఇంకొకరు. చివరికి గోరంత ముక్క మిగిలితే దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, ఆఖరిది తిన్నాడన్న మాట ఎవరికి కావాలి? అర్లిస్ ఆ గోరంతనీ కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చుకుంది.

తల్లిని ఇంటి దగ్గర దింపి, కెటిల్ వంటింట్లో పెట్టి వెళ్ళిపోవాలని లవాన్ ఆలోచన. బోలెడు పనులున్నాయి. అర్లిస్ కుర్చీలో కూర్చుని చేతులు రుద్దుకుంది.

"చలిగా ఉందే. నా గదిలో ఊలు శాలువా... వద్దులే, నేనే తెచ్చుకుంటా."

"కూర్చో అమ్మా, నేను తెస్తా."

"వద్దే! లవాన్! ఆగు!"

ఆ గొంతులో కంగారు అర్థమయ్యేలోపే లవాన్ పడకగది తలుపు తోసేసింది. లోపల మంచం మీద ఒక పెట్టె. నీలం రంగుది, కొత్తది. పిడికి నారింజ రంగు ఊలు గట్టిగా చుట్టి, చిన్న పువ్వులా ముడేసి ఉంది. అందరివీ ఒకేలాంటి పెట్టెలు, గుర్తుకి ఏదైనా కట్టుకోండని లవాన్ నెల రోజులుగా ప్రతి ఇంట్లోనూ చెబుతూనే ఉంది. పెట్టె మూత తెరిచే ఉంది. మడతలు పెట్టిన పలచటి గౌన్లు, తెల్ల చెప్పులు, ఎండ టోపీ, ధర చీటీ కూడా తియ్యని ఈత దుస్తులు. పక్కన చిన్న చేతిసంచీలో మందుల సీసాలు, ఒక్కోటీ దాని చీటీతో. అన్నిటి మీదా పాస్‌పోర్టు.

లవాన్ ఆ ఊలు పువ్వుని వేలితో ముట్టుకుంది.

"అమ్మా! ఇదేంటి?"

అర్లిస్ గుమ్మం దగ్గరకొచ్చి ఆగింది. "పెట్టె."

"పెట్టేనని నాకూ తెలుసు. ఎక్కడికి?"

"ఎక్కడికీ లేదు. ఊరికే సర్దా. ఇవాళ తీసేద్దామనుకుంటున్నా."

"నువ్వు రానన్నావు కదమ్మా!"

"రానని ఎప్పుడన్నాను?" అర్లిస్ గొంతు లేచింది. ఆ ఇంట్లో ఆవిడ గొంతు లేవడం తుఫానులో కొట్టం కప్పు ఎగిరిపోయినరోజు తర్వాత ఇదే. "థాంక్స్‌గివింగ్ పండగ నాడు నువ్వు అడిగావు. నాకెందుకులే, పిల్లినెవరు చూస్తారు అన్నాను."

"అంటే రాననే కదా!"

"మొదటిసారి అడిగితే ఎవరైనా ఏమంటారే? నువ్వు ఈ ఊళ్ళోనే పుట్టావా, ఎక్కణ్ణుంచైనా ఎత్తుకొచ్చానా?"

అక్కడ పుట్టిన ప్రతివాళ్ళకీ తెలిసిన లెక్కే ఇది. కాఫీ ఇస్తామంటే మొదటిసారి వద్దనాలి. రెండోసారి "అబ్బే, మీకెందుకు శ్రమ" అనాలి. మూడోసారి అడిగితే, "మరి మీరంతగా అంటున్నారు కాబట్టి" అని కప్పు చాచాలి. కాఫీకైనా, కారులో దింపడానికైనా, సాయానికైనా ఇంతే. మొదటిసారే ఊ అన్నవాడు ఆబగాడు. మూడోసారి అడగనివాడికి అసలు పిలవాలనే లేదని అర్థం.

"తర్వాత ఆ రోసలీ ఫోన్ చేసింది," అర్లిస్ చెప్పుకుపోయింది, ఇన్నాళ్ళూ లోపల దాచుకున్నదంతా ఒక్కసారి బయటపడింది. "అప్పుడేమన్నానంటే, నేనొస్తే మీకందరికీ అడ్డం కదా అన్నాను. ఎంత బాగా అన్నానో! ఆవిడ ఏమనాలి? అయ్యో అదేం మాటండీ అనాలా వద్దా? 'సరేనండీ, మీ ఇష్టం' అని ఫోను పెట్టేసింది! పెట్టేసిందే! నేను ఆ గోడ దగ్గర ఫోను పట్టుకుని అలాగే నిలబడ్డా. అప్పటికే పాస్‌పోర్టుకి కాగితాలు పంపేశా కూడాను."

లవాన్‌కి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి మంచం మీద కూలబడ్డం తప్ప చేసేదేముంది? "అమ్మా, వాళ్ళది న్యూజెర్సీ. వాళ్ళకి వద్దంటే వద్దు, కావాలంటే కావాలి. ఆవిడకేం తెలుసు?"

"ఆవిడకి తెలీదు. ఒప్పుకుంటా." అర్లిస్ వచ్చి పెట్టెకి అవతలి వైపు కూర్చుంది. కోపం దిగిపోయి, గొంతు మామూలైంది, దానికే ఎక్కువ భయం వేసింది లవాన్‌కి. "నీకు తెలుసు కదా. నువ్వెందుకు మళ్ళీ అడగలేదు?"

ఆ ప్రశ్నకి లవాన్ దగ్గర జవాబుంది. ఉండబట్టే చూపు పెట్టె మీదికి తిప్పుకుంది.

పోయిన అక్టోబరులో అర్లిస్ వెనక మెట్ల మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రిలో ఆ మంచం పక్క కుర్చీలోనే లవాన్ నెలంతా గడిపింది. తల్లి మళ్ళీ లేచి నడిచాక కూడా, ఫోను మోగితే చాలు గుండె గుభేలుమనేది. థాంక్స్‌గివింగ్ నాడు "నాకెందుకులే" అని తల్లి అనగానే లోపల ఏదో బరువు దిగినట్టయింది. హోటలు మెట్లు, తడి గచ్చు, ఇసుక, భాష రాని ఆస్పత్రి, వీటిలో ఏదీ తను ఇక తలుచుకోనక్కర్లేదు. అందుకే ఆ మాటని అక్కడే పట్టుకుని, మళ్ళీ కదపలేదు.

"భయమేసిందమ్మా," అంది చివరికి. "నువ్వు రానంటే నాకు హాయిగా అనిపించింది. అదీ నిజం."

"తెలుసు."

"తెలుసా?"

"నీ మొహంలో కనబడింది. కన్నదాన్ని, నాకు కనబడదా? అందుకే నేను కూడా నోరెత్తలేదు. నా వల్ల నీకు పెళ్ళిలో కుదురుండదేమో అనుకున్నా."

"మరి పెట్టె ఎందుకు సర్దావు?"

అర్లిస్ టోపీ అంచుని వేలితో సరిచేసింది. "అడుగుతావేమోనని. బుధవారందాకా టైముంది కదా."

లవాన్‌కి కళ్ళు మసకబారాయి. డెబ్భై తొమ్మిదేళ్ళ తల్లి, రోజూ ఆ పెట్టె మూత తెరిచి చూసుకుంటూ, ఫోను వైపు చెవి వేసి, ఎవరైనా ఇంకొక్కసారి అడక్కపోతారా అని కూర్చుంది. తను రోజూ వచ్చింది, పిల్లికి తిండి తెచ్చింది, పక్కగదిలో కాఫీ తాగి వెళ్ళింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"అమ్మా. పెళ్ళికి రా."

"ఇప్పుడేం కుదురుతుందిలే."

"రా అమ్మా."

"పిల్లి..."

"పిల్లిని మా ఆయన డ్వేన్ వాళ్ళ తమ్ముడు చూస్తాడు. నా మొగుడి తరఫువాళ్ళు ఒక్క పనికైనా పనికిరావాలి కదా. రా!"

"మరి నువ్వంతగా అంటున్నావు కాబట్టి," అంది అర్లిస్, కన్నీళ్ళు తుడుచుకుంటూ. ఇద్దరూ పకపకా నవ్వారు. పిల్లి బెదిరి మంచం కిందికి దూరింది.

నవ్వడం తేలికే. గదులు నిండిపోయాయని రోసలీ శుక్రవారమే చెప్పింది. ఇక ఆవిడకి ఫోన్ చెయ్యక తప్పదు. వంటింటి బల్ల మీద ఫోను పెట్టి, ఇద్దరికీ వినబడేలా నొక్కి, లవాన్ మొదలుపెట్టింది.

"రోసలీ గారూ, ఎలా ఉన్నారండీ? అక్కడ వాతావరణం ఎలా ఉంది?"

"తడిగా ఉంది. ఏమైంది?"

"ఏం లేదండీ. ఇక్కడింకా మంచే. మొన్న కాస్త కరిగిందిలెండి, మళ్ళీ పడింది. పనులతో సతమతమవుతూ ఉంటారు మీరు."

"అవును లవాన్, ఒక చేత్తో పూలవాడు, ఇంకో చేత్తో బాండువాడు. చెప్పు."

"ఊరికే చేశానండీ. ఆ హోటలు గదులు... అన్నీ నిండిపోయే ఉంటాయి కదా?"

"నిండిపోయాయి. ఎందుకు? ఎవరికైనా కావాలా?"

"అబ్బే, ఎవరికీ కాదు! నిండితే మంచిదే కదండీ. ఖాళీలుంటే హోటలువాళ్ళకి నష్టం."

"లవాన్, నువ్వు బాగానే ఉన్నావా?"

లవాన్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ మాట ఒక్కటీ, నేరుగా, ఇది కావాలి అని అడగడం ఎలాగో ఆవిడకి పుట్టి బుద్ధెరిగి తెలీదు. బల్లకి అవతల అర్లిస్ ఇదంతా చూస్తోంది. కూతురు నీళ్ళు నములుతుంటే తనని తనే చూసుకుంటున్నట్టుంది. రెండు చేతులూ బల్లకి ఆనించి, ఫోను మీదికి వంగింది.

"రోసలీ గారూ, నేను అర్లిస్‌ని. పెళ్ళికూతురి అమ్మమ్మని. నాకు పెళ్ళికి రావాలని ఉంది. మొదట్నుంచీ ఉంది. మీరడిగినప్పుడు చెప్పలేదు, మొహమాటపడ్డాను. ఇప్పుడు చెబుతున్నా. నాకు చోటు కావాలి."

చెప్పేసి కుర్చీలో వెనక్కి వాలింది. పర్వతం ఎక్కి దిగినట్టు ఆయాసం. లవాన్ నోరెళ్ళబెట్టి చూస్తోంది.

"రోసలీ గారూ? ఉన్నారా?"

"ఉన్నానమ్మా." రోసలీ గొంతు మారిపోయింది. "ఏడుస్తున్నా, ఒక్క నిమిషం ఆగండి." ముక్కు చీదిన చప్పుడు వినబడింది. "మేం మీకు నచ్చలేదనుకున్నానండీ. గోలగోలగా మాట్లాడే మనుషులం, మీ చర్చి వేరు, మా చర్చి వేరు. పెద్దావిడకి ఈ సంబంధం ఇష్టం లేదు కాబోలు అనుకుని ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకుని తిరిగా. మావాడు ఏంజెలో కూడా అడిగాడు, అమ్మా, అమ్మమ్మకి నేను నచ్చలేదా అని."

"నచ్చకపోవడమా!" అర్లిస్ సగం లేచింది. "ఆ అబ్బాయి మా ఇంటికొచ్చిన మొదటిరోజే నేను మాంసం, బంగాళాదుంపలు వేసి చేసిన హాట్‌డిష్ మూడు పళ్ళేలు తిన్నాడు. అదీ ఒక్కసారి అడగ్గానే! నా జన్మలో అంత ముద్దొచ్చిన కుర్రాణ్ణి చూళ్ళేదు."

"అడగ్గానే తినక ఏం చేస్తాడు? ఆకలేసిందేమో!"

"అదేనండీ నేననేది. ఆకలేస్తే తినే మనిషి. మా వంశంలో లేడు అలాంటివాడు."

రోసలీ పెద్దగా నవ్వింది. ఆ నవ్వుకి ఫోను బల్ల మీద అదిరింది. "సరే, వినండి. గదులు నిజంగానే లేవు. నా గదిలో రెండో మంచం ఉంది, దాని మీద నా బట్టలు పరుద్దామనుకున్నా. బట్టలు నేలమీద, మీరు మంచం మీద. గురక పెడతాను, ముందే చెబుతున్నా."

"అబ్బే, మీ గదిలో నేనెందుకండీ, మీకు అడ్..." అర్లిస్ టక్కున ఆగిపోయింది. కూతురు కళ్ళెర్ర చేసింది. "పడుకుంటానండీ," అంది అర్లిస్ గబగబా. "నాకూ గురకొస్తుంది."

"ఇప్పుడు విమానం. ఆగండి, చూస్తున్నా. మీవాళ్ళెక్కే విమానంలోనే ఇంకా సీట్లు కనబడుతున్నాయి. ధర చూస్తే గూబ గుయ్యిమంటోంది, దాని సంగతి నాకొదిలెయ్యండి. అమ్మమ్మ టిక్కెట్టు పెళ్ళికొడుకు తరఫు కానుక. వద్దనకండి, నాకు వద్దంటే వద్దనే వినబడుతుంది. పాస్‌పోర్టు చేతిలో ఉందా? నంబరు చదవండి."

లవాన్ గదిలోకి పరుగెత్తి పాస్‌పోర్టు తెచ్చింది. నంబరు చదివింది, పుట్టిన తేదీ చదివింది. ఫోటోలో అర్లిస్ నేరంలో పట్టుబడ్డదానిలా సూటిగా చూస్తోంది. సంతకం చోటు తెల్లగా ఉంది.

"అమ్మా, సంతకం పెట్టలేదేం?"

"పిలవకుండానే సంతకం పెట్టుకుని కూర్చుంటే ఏం బావుంటుందే?"

లవాన్ ఫ్రిజ్ మీద నుంచి పెన్ను తీసి ఇచ్చింది. అర్లిస్ కళ్ళజోడు పెట్టుకుంది. నాలుక కొస పంటి కింద పెట్టి, స్కూలు పిల్లలా, ఒక్కో అక్షరం పొందిగ్గా రాసింది. రాసి, తడి ఆరడానికి ఊదింది. ఆ సిరా ఆరేదాకా పేజీ ముయ్యనివ్వలేదు.

"అయిపోయింది!" రోసలీ కేక పెట్టింది. "కొనేశా! ఇది డబ్బు వెనక్కిచ్చే టిక్కెట్టు కాదు, చెబుతున్నా. లోకం తలకిందులైనా సరే, బుధవారం మీరు విమానం ఎక్కాల్సిందే. తెలిసిందా?"

"ఎక్కుతానండీ," అంది అర్లిస్. మొదటిసారి అడగ్గానే.

తర్వాత ఆ వంటింట్లో సందడి చూడాలి. ఈత దుస్తులకి ధర చీటీ కత్తిరించారు. చక్రాల కుర్చీ ముందే అడిగి పెట్టుకుంటే విమానాశ్రయంలో అంత దూరం నడవక్కర్లేదని రోసలీ అంటే, నాకెందుకు చక్రాల కుర్చీ అని అర్లిస్ ఒంటికాలి మీద లేచింది. కుర్చీ ఎక్కినవాళ్ళని ముందుగా లోపలికి పంపుతారని తెలిశాక, మరి గోర్డీ కన్నా ముందా అని అడిగి ఒప్పుకుంది. చేతికర్రకి రబ్బరు తొడుగు కొత్తది వేయిస్తానని లవాన్ మాటిచ్చింది. భయం పోయిందా అంటే పోలేదు. కానీ తల్లి టోపీ పెట్టుకుని టోస్టరు పక్కల్లో తన మొహం చూసుకుంటుంటే, ఆ భయాన్ని కూడా ఎక్కడో సంచీలో సర్ది తీసుకెళ్ళొచ్చనిపించింది.

బయట మంచు మీద కారు ఆగిన చప్పుడైంది. మెట్ల మీద బూట్లు దులిపిన చప్పుడు, తలుపు ధడాల్న తెరుచుకుంది. బ్రిట్టా! నగరంలో ఉండాల్సిన పిల్ల. ముక్కు చలికి ఎర్రగా, కళ్ళు ఏడ్చి ఎర్రగా, మొహం మాత్రం దీపం పెట్టినట్టుంది. తల్లిని చూడలేదు, ఫోను చూడలేదు. నేరుగా వచ్చి అమ్మమ్మని వాటేసుకుంది. ఎండ టోపీ ఎగిరి వెనక్కి పడింది.

"అమ్మమ్మా, నువ్వేం మాట్లాడకు, నన్ను చెప్పనివ్వు. నిన్ను అడిగితే 'నాకోసం ఏదీ మార్చకండి' అంటావని అడగలేదు. నువ్వు లేని పెళ్ళి నాకొద్దు. ఏంజెలోకి చెప్పా, వాడు కూడా నా మాటే అన్నాడు. పొద్దున్నే హోటలుకి ఫోన్ చేసి అన్నీ వద్దనేశాం. ఇప్పుడే పాస్టర్ గారింటికి వెళ్ళి వస్తున్నా, శనివారం చర్చి ఖాళీగానే ఉందట."

"బ్రిట్టా..." అంది లవాన్. ఆ పిల్ల వినిపించుకోలేదు.

బ్రిట్టా అమ్మమ్మ రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతుల్లో ఒకదానిలో పాస్‌పోర్టుందని కూడా చూడలేదు.

"నువ్వెక్కడికీ రానక్కర్లేదు అమ్మమ్మా. పెళ్ళే నీ దగ్గరికొస్తోంది! ఇంక మిగిలింది ఒక్కటే, ఈ సంగతి ఏంజెలో వాళ్ళమ్మకి ఎలా చెప్పాలో మా ఇద్దరికీ తెలీట్లేదు."

బల్ల మీద ఫోనులోంచి, ఊపిరి గట్టిగా పీల్చిన చప్పుడు వినబడింది.

"లవాన్," అంది రోసలీ, చాలా మెల్లగా. "ఆ అమ్మాయికి ఫోనివ్వు."